ముదుసలుల యారోగ్యము

వేల్సు సీమలో 2013వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన ఒక చిన్న యేర్పాటు అమలులోనికి వచ్చినది. వృద్ధులకు అక్కి రాకుండ టీకా వేయుట ఆ యేర్పాటు. మందు కొఱతచేతను, ఎనుబదియేండ్లు దాటినవారియందు ఆ టీకా అంతగా పని చేయదను నమ్మకముచేతను అధికారులు వయస్సునుబట్టి ఒక గిరి గీసిరి. 1933 సెప్టెంబరు 2వ తేదీనగాని అటుపిమ్మటగాని పుట్టినవారు టీకాకు అర్హులైరి. అంతకు ఒక్కనాడు ముందు పుట్టినవారు సయితము ఎన్నటికిని అర్హులు కాకపోయిరి. ఒక్క వారము తేడాతో పుట్టిన యిద్దఱు ముసలివారిలో ఒకరికి టీకా దొరకెను, రెండవవారికి దొరకదాయెను. ఈ రెండు తెగలవారికిని తిండియందుగాని, చదువునందుగాని, సంపదయందుగాని చెప్పదగిన భేద మేమియు లేదు. భేదమెల్ల పుట్టిన తేదీయందే కలదు.

కోరి కల్పించుకొనవలెనన్నను సులభముగా దొరకని యీ యవకాశమును కొందఱు పరిశోధకులు గుర్తించిరి. 2,80,000 మందికి పైబడిన వృద్ధుల వైద్యపు లెక్కలను ఏడేండ్ల కాలమునకు పరిశీలించి, 2025వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ‘నేచర్’ పత్రికయందు ఫలితమును ప్రకటించిరి. టీకా పడినవారికి అక్కి తగ్గుట వింత కాదు. వింత యేమనగా, వారియందు స్మృతిభ్రంశము, అనగా ముదిమియందు మతి తప్పి కన్నబిడ్డల పేరులనైనను మఱచిపోవు నా ఘోరవ్యాధి, సుమారు అయిదింట నొకవంతు తగ్గినది. స్త్రీలయందు ఈ మేలు మఱింత హెచ్చుగా కనబడినది. ఆస్ట్రేలియాలోను వయస్సును బట్టి ఇట్టి గిరియే గీయబడియుండుటచే, అచ్చటి లెక్కలనుగూడ ఆ సంవత్సరముననే పరిశోధకులు తరచి చూచిరి. అక్కడను ఫలిత మిట్లే వచ్చినది. స్మృతిభ్రంశమును కుదుర్చు నౌషధమునకై ధనవంతములగు దేశములు కోటానుకోట్లు వెచ్చించి అలసియున్న యీ దినములలో, వేఱొక రోగమునకై వేసిన పాతకాలపు టీకా యొకటి ఇంతటి పని చేసినదని వినుట యెవరి కాశ్చర్యము కలిగింపదు?

అక్కి యన్నను సర్పి యన్నను మన పల్లెవారెల్లరు నెఱుగుదురు. నడుముచుట్టునో, ఱొమ్ముమీదనో పొక్కులు బారుగా లేచి, నిప్పు త్రొక్కినట్లు మండును. ఎఱ్ఱమట్టి పూయించుకొనుటయే దానికి మనవారు చిరకాలముగా చేయు చికిత్స. దీని మూలమును వెదకిన, చిన్ననాటి ఆటలమ్మయొద్దకు పోవలయును. బిడ్డకు పొక్కులు మాడినపిదప వేపాకు నీళ్లు పోసి, తల్లి చల్లబడినదని సంతోషింతుము. కాని ఆ క్రిమి శరీరమును విడిచిపోదు. నరముల ముడులలో చేరి యేబది యఱువది యేండ్లు నిద్రించును. ముదిమియందు రోగరక్షణశక్తి సడలగానే మేల్కొని అక్కి రూపమున బయటికి వచ్చును. అది మాటిమాటికి కదలుటవలన మెదడునందు శోథము పుట్టి మతిని చెఱుచుచున్నదని కొందఱు పండితు లందురు. కాదు, టీకాయే దేహముయొక్క రక్షణశక్తికంతకును పదును పెట్టినదని వేఱుకొంద ఱందురు. వాదము తెగలేదు. తెగకున్నను, టీకా పడినవారియందు మేలు కలిగినదను సంగతి నిలిచియున్నది.

ఈ శోథమను మాటను కొంచెము విప్పి చెప్పవలసియున్నది. దెబ్బ తగిలినచోటగాని క్రిమి సోకినచోటగాని ఎఱుపు, వాపు, వేడి, నొప్పి పుట్టును. రోమనుల నాటి సెల్ససు అను గ్రంథకర్త చెప్పిన యీ నాలుగు లక్షణములనే వైద్యవిద్యార్థులు నేటికిని వల్లించుచున్నారు. ఇది స్వభావముచే రోగము కాదు, రక్షణ. 1882లో రష్యా జీవశాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ సిసిలీ ద్వీపమున మెస్సీనా పట్టణమునందుండి, నక్షత్రమత్స్యపు పిల్ల దేహమున గులాబిముల్లు గ్రుచ్చి చూడగా, మఱునాటికి సంచారకణములు గుంపుగా వచ్చి ఆ ముల్లును ముట్టడించియుండెను. వాపునందు జరుగు యుద్ధ మిదియేనని ఆయన గ్రహించెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ మహాశయుడే పిమ్మట ముదిమివైపు దృష్టి మరల్చి, ప్రేగులలోని చెడు క్రిముల విషముచే మానవుడు అకాలమున ముదుసలి యగుచున్నాడనియు, పులిసిన పాలు త్రాగిన దీర్ఘాయువు కలుగుననియు వాదించెను. మజ్జిగ లేక భోజనము ముగింపని మన కీమాట ముచ్చట గొల్పును. కాని మజ్జిగచే ఆయుర్వృద్ధి కలుగునని నేటివఱకు ఋజువు కాలేదు. ఆయనయు 71 యేండ్లకే గతించెను. అయినను క్రిములకును ముదిమికిని సంబంధము కలదను ఆయన యనుమానము వ్యర్థము కాలేదు.

2000వ సంవత్సరమున ఇటలీ పండితుడు ఫ్రాన్‌చెస్కీయు ఆయన తోడివారును దాని కొక పేరు పెట్టిరి. తెలుగున ‘ముదిశోథ’ మనవచ్చును. వయస్సు మీఱినకొలది, పైకి పుండుగాని జ్వరముగాని లేకయే, నెత్తుటియందు శోథద్రవ్యములు కొంచెము కొంచెముగా హెచ్చియుండును. నివురుగప్పిన నిప్పువంటి దిది. రక్తనాళములను పెళుసు చేయుటకును, మధుమేహమును ముదిరించుటకును, కండలు కరగుటకును, మెదడు మందగించుటకును దీని సాయము కలదని పండితులు తలచుచున్నారు. కొందఱిలో ఈ నిప్పు త్వరగా రాజుకొనుటయు, కొందఱిలో చల్లగా నుండుటయు నేల? జన్మతః వచ్చినది కొంత, క్రొవ్వు కొంత, పొగాకు కొంత. మిగిలినది జీవితమంతయు మనలను సోకిన యంటురోగములు వదలిపోయిన శేషము.

అంటురోగము జ్వరముతో ముగియునను భ్రమ మనలో నింకను పోలేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు లెక్కలనుబట్టి 2018లో వెలువడిన పరిశోధన నీ సందర్భమున స్మరింపవలయును. ఇన్‌ఫ్లుయెంజా సోకినట్లు పరీక్షవలన తేలిన మొదటి యేడు దినములలో గుండెపోటు వచ్చుట, అదే మనుష్యులకు తక్కిన కాలమున వచ్చుటకంటె ఆఱు రెట్లు హెచ్చని అందు తేలినది. తాతగారు జలుబుజ్వరముతో పడుకొని నాలుగవనాడు గుండె ఆగి పోయిన, కాలము తీరినదని మన మనుకొందుము. పత్రమునందు హృద్రోగమని వ్రాయుదురు. క్రిమి పేరు ఎక్కడను వ్రాయబడదు. 2021లో వెలువడిన మఱియొక పరిశోధన, మన పొరుగుననున్న బంగ్లాదేశముతో గూడ ఎనిమిది దేశములలో జరిగినది. గుండెపోటుతో ఆసుపత్రికి వచ్చినవారిలో కొందఱికి అప్పుడే ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసి, కొందఱికి వట్టి యుప్పునీటిసూది వేసిరి. టీకా పడినవారియందు ఒక సంవత్సరములోగా మరణము, మఱల గుండెపోటు మొదలగునవి 28 శాతము తక్కువయ్యెను. ఇన్‌ఫ్లుయెంజా టీకా గుండెకు మందాయెను!

కోవిడు కాలము మనకిదే పాఠమును క్రూరముగా నేర్పినది. ఆ రోగమున తుదకు ప్రాణము తీసినది పలువురియందు క్రిమికంటె, క్రిమిపై విజృంభించిన శోథమే. 2020 జూన్ నెలలో ఇంగ్లండు పరిశోధకులు డెక్సామెథసోను అను చౌకయగు శోథహరౌషధముచే, శ్వాసయంత్రముపై నున్నవారి మరణములు మూడింట నొకవంతు తగ్గునని చూపిరి. ప్రాణవాయువు అక్కఱలేనివారికి అది మేలు చేయదనియు ఆ పరిశోధకులే హెచ్చరించిరి. మన దేశమున ఆ మొదటిమాట వినబడినది, రెండవమాట వినబడలేదు. 2021 వేసవిలో ఇంటనున్న రోగులకు సయితము ఆ మాత్రలు మొదటినాటినుండియే మ్రింగించి, మధుమేహము గలవారి నెందఱినో నల్లబూజు రోగమునకు అప్పగించితిమి. నిప్పు నార్పుమందును నిప్పు లేనిచోట పోసిన ఇట్టి యనర్థములే కలుగును.

కావుననే శోథము నణచు మందులవలన ముదిమిని జయింపవచ్చునను ప్రకటనలను మేము సందేహముతో చూచుచున్నాము. 2017లో కనకినుమాబ్ అను మందును గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైబడినవారిపై పరీక్షించిరి. దాని నొకానొక మోతాదులో ఇచ్చినవారియందు గుండెపోటు మొదలగునవి 15 శాతము తగ్గెను. కాని అంటురోగములచే చచ్చువారు పెరిగిరి, మొత్తపు మరణములు తగ్గలేదు. కాపలాదారుని నిద్రపుచ్చిన దొంగ రాకుండునా? తరువాత మెథొట్రెక్సేటును పరీక్షించిరి. ఈ మందు పేరు చెప్పునపుడు తెలుగువారు ఒక్క నిమిషము నిలువవలయును. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై, 1948లో అక్కడనే కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సాధించిన పదార్థమిది. నేటికిని కీళ్లవాతము గలవారికి అది దిక్కు. కాని 2018లో వెలువడిన ఫలితమునుబట్టి అది గుండెపోటును తగ్గింపలేదు. మనవాని మందు గదా యని ఆ ఫలితమును దాచుట మాకు సమ్మతము కాదు. సుబ్బారావుగారును సమ్మతించియుండరు.

కాల్చిసిను కథయు నిట్టిదే. 2019లోను 2020లోను జరిగిన రెండు పరీక్షలలో గుండెకు మేలు చేసినది. 2024లో 7,000 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మేలు కనబడలేదు. ఈ పదార్థము మన అడవులయందు పెరుగు అగ్నిశిఖ దుంపలోను కలదని తెలిసి, దానిని నూఱి త్రాగింప నుద్యుక్తులగు ఆశుచికిత్సకు లుండవచ్చును. అది ప్రాణాంతకమగు విషము. అష్టాంగాయుర్వేదమున జరాచికిత్స యొక యంగమనుట మనకు గౌరవమే. ఆ గౌరవమును నిలువబెట్టవలెనన్న, ఔషధమును పరీక్షకు నిలుపవలయును గాని సీసాలపై ‘రోగనిరోధకశక్తి’ యని అచ్చొత్తించి అమ్ముకొనరాదు.

ఇచ్చట మఱియొక సంగతి గలదు. ముదిశోథము మానవులందఱికిని సమాన మనుకొంటిమి. 2025లో వెలువడిన యొక పరిశోధన ఆ నమ్మకమును కదల్చినది. ఇటలీ, సింగపూరు వృద్ధులను, బొలీవియా అడవులలోని చిమానె జాతివారితోను, మలేసియాలోని ఒరాంగ్ అస్లీ జాతులతోను పోల్చి చూచిరి. అడవిజనులలో మూడింట రెండువంతుల మందికి ప్రేగులలో పరాన్నజీవు లున్నవి. నెత్తుట శోథము హెచ్చు. అయినను వయస్సుతోపాటు అది పెరుగుట లేదు, గుండెజబ్బుతో దానికి ముడియు కనబడదు. చిమానెలకు గుండెనాళములు గట్టిపడుట లోకమున తెలిసిన జాతులన్నిటిలోను తక్కువయని 2017లోనే తేలియుండెను. అట్లని పురుగులు కడుపున పెంచుకొనుట మేలని యెంచరాదు. ఆ జనులు నడకయు శ్రమయు కలిగి, తగని తిండి లేని బ్రదుకు బ్రదుకుచున్నారు, అంటురోగములచే చిన్నతనముననే చచ్చుచునున్నారు. మన సంగతి యీ రెంటికిని నడుమ చిక్కినది. అడవిజనులకున్న యంటురోగములు మనకు పోలేదు. పట్టణవాసులకున్న క్రొవ్వును మధుమేహమును మనకు వచ్చినవి. క్షయయు చక్కెరయు ఒక్క దేహమున చేరి, ఒకదాని నొకటి పెంచు దృశ్యము మన దేశమున ఏ యాసుపత్రివరండాలోనైనను కనబడును.

2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో అఱువదియేండ్లు నిండినవారు దేశమున 10 కోట్లు దాటిరి. దేశమంతటికి వారు నూటికి 8.6 మంది కాగా, అప్పటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున 9.8 మంది. అనగా ముదిమి మన తెలుగునేలకు తక్కిన దేశముకంటె ముందుగా వచ్చుచున్నది. దానికై మన ప్రభుత్వము లేమి చేసినవి? 2010లో వృద్ధుల యారోగ్యమునకై జాతీయకార్యక్రమ మొకటి ఆరంభమైనది. 2024లో డెబ్బదియేండ్లు నిండినవారికెల్ల, ధనిక దరిద్ర భేదము లేక, ఏటా 5 లక్షల రూపాయలవఱకు ఆసుపత్రిఖర్చు భరింతుమని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఇవి సంతోషింపదగిన పనులే. కాని 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకాల కార్యక్రమమున తల్లులకును పిల్లలకును గల చోటు వృద్ధులకు నేటికిని లేదు. న్యుమోనియా వచ్చి ఊపిరి యాడక ఆసుపత్రిలో పడిన ముసలివానికి లక్షలు వెచ్చింప సిద్ధపడిన ప్రభుత్వము, ఆ న్యుమోనియా రాకుండ వేయు టీకాకు కొన్నివందలో వేలో వెచ్చింప వెనుదీయుట యేటి పొదుపు? ఇల్లు కాలినపిదప బావి త్రవ్వుట మనవారు ఎగతాళిగా చెప్పుకొను మాట. దానినే మన ఆరోగ్యశాఖలు పద్ధతిగా స్వీకరించినట్లున్నవి.

ధనము లేదందురు. పిల్లలకే పూర్తిగా చాలనిచో ముసలివారి కెక్కడినుండి తెత్తుమందురు. పిల్లల నోటిముద్ద తీసి పెద్దల కిమ్మని మేమనుట లేదు. కాని 2021 మార్చి 1వ తేదీనుండి అఱువదియేండ్లు నిండినవారికి కోవిడు టీకా వేయనారంభించి, 2022 జూలై నాటికి అన్ని వయస్సులవారికిని కలిపి 200 కోట్ల మోతాదులు వేసిన దేశ మిది. మంచుపెట్టెలు, ఆశాకార్యకర్తలు, పేరులు వ్రాయు యంత్రములు, కఱ్ఱ యూతగా వచ్చి వరుసలో నిలిచిన ముసలమ్మలు, అన్నియు నుండెను. ఆ యేర్పాటంతయు ఒక్క రోగముతోనే ముగియవలసిన యవసర మేమి? ఇక మందు ఎచ్చటినుండి వచ్చునందురా, భాగ్యనగరమునుండియే వచ్చును. 1997లో శాంతా బయోటెక్నిక్సువారు హెపటైటిస్-బి టీకాను విదేశీయుల ధరలో స్వల్పభాగమునకు తయారుచేసి అమ్మి, అసాధ్యమన్నవారి నోళ్లు మూయించిరి. ఆ టీకా కాలేయపు పుట్టకురుపును గూడ నివారించునది, అనగా అంటురోగమునకును దీర్ఘశోథమునకును పుట్టకురుపునకును గల గొలుసును మొదటనే తెంచునది. న్యుమోనియా టీకాయు నేడు హైదరాబాదున తయారగుచున్నది. లోకమునకు టీకాలమ్ము నగరమునకు ఆమడదూరమున ఉన్న పల్లెలో ముసలివాడు టీకా పేరైనను వినక చచ్చుట మనకు సిగ్గు కాదా? అక్కి టీకా మాత్రము నేటికిని ఒక్కొక్క మోతాదు వేలరూపాయలు పలుకుచున్నది. దానిని చౌకచేయువారు మఱల మనవారిలోనుండియే రావలయునని మా కోరిక.

బి.సి.జి. టీకా విషయమున మన దేశమునకు తగిన యనుభవమే కలదు. 1948లో ఆ టీకాను దేశమున మొట్టమొదట ప్రయోగించిన రెండు తావులలో మదనపల్లె యొకటి, ఢిల్లీ రెండవది. 1968లో ఆరంభమైన చెంగల్పట్టు పరిశోధన, పెద్దల ఊపిరితిత్తుల క్షయను అది నివారింపజాలదని తేల్చి, మన యాశల నడగించినది. అయినను దాని కథ ముగియలేదు. 2020లో చెన్నై క్షయపరిశోధనాలయమువారు 60 మొదలు 80 యేండ్ల వయస్సుగల కొందఱికి ఆ టీకా వేసి చూడగా, వారి నెత్తుటిలో పెక్కు శోథద్రవ్యములు తగ్గెను. ఇది చిన్న పరిశోధన. దీనినిబట్టి ఆయువు పెరుగునని చాటింపు వేయరాదు. 2024లో కొన్ని రాష్ట్రములలో పెద్దలకు బి.సి.జి. వేయు పని విరివిగా ఆరంభమైనది. అందు అఱువదియేండ్లవారును చేరియున్నారు. వారి పేరులు, పుట్టినతేదీలు, తరువాత వచ్చిన రోగములు, మరణకారణములు ఎవరైన జాగ్రత్తగా వ్రాసి యుంచుచున్నారా? వ్రాసిన మేలు, వ్రాయకున్న మందు ఖర్చగుటయే కాని విద్య మిగులదు.

టీకాలతోనే సర్వము తీఱునని మేము చెప్పుట లేదు. పండ్లచిగుళ్ల చీము చక్కెరవ్యాధిని ముదిరించుననియు, చక్కెరవ్యాధి చిగుళ్లను చెఱచుననియు నేడు వైద్యులు నిశ్చయించినారు. అయినను ముదుసలికి పండ్లవైద్య మొక విలాస మనుకొను ఇండ్లే హెచ్చు. నలువదేండ్లు కట్టెలపొయ్యిముందు కూర్చుండి పొగ మ్రింగిన తల్లుల ఊపిరితిత్తులలో ఆ నిప్పు పొయ్యి ఆఱినతరువాతను ఆఱదు. చుట్టలు, బీడీలు సరే, చెప్పనక్కఱలేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములను మేము కోరునది స్పష్టము. అఱువదియైదేండ్లు నిండిన వారికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములయందే ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియా టీకాలు ఉచితముగా వేయుట తక్షణమే ఆరంభింపవలయును. మందు అందఱికి చాలదని నెపము చెప్పినచో, వేల్సువారివలె పుట్టినతేదీనిబట్టి గిరి గీయుదురు గాక. కాని యా గిరికి ఈవలివారి లెక్కయు, ఆవలివారి లెక్కయు పదియేండ్లు తప్పక వ్రాయింపవలయును. ఆ లెక్కలను బీరువాలలో బంధింపక, గుంటూరు, విశాఖపట్టణము, వరంగల్లు, హైదరాబాదు వైద్యకళాశాలల విద్యార్థుల చేతికీయవలయును.